దొరకని బగ్ కోసం కట్టిన రీప్లే: ఒక హాబీ గేమ్ కేస్ స్టడీ

గేమ్ చిన్నదే. పక్క నుంచి కనిపించే గుహ, అందులో తవ్వుకుంటూ పోయే ఒక మనిషి, తోయడానికి పెట్టెలు, పైకీ కిందికీ తిరిగే పలకలు, అక్కడక్కడా గబ్బిలాలు. సి భాషలో రాశాను. విండో తెరవడానికి, కీబోర్డు చదవడానికి, శబ్దం వినిపించడానికి ఎస్‌డీఎల్ లైబ్రరీ వాడాను. దాని మీద ఇంజన్ (గేమ్‌కి కావలసినవి ముందే కట్టి ఉంచిన సాఫ్ట్‌వేర్) అంటూ ఏదీ లేదు. రాసేది నేనొక్కణ్నే, అదీ ఉద్యోగం పనులన్నీ అయ్యాక మిగిలిన టైమ్‌లో. ఆడి చూసి చెప్పేది కొద్దిమంది స్నేహితులు.

వాళ్లలో ఒకతని ఫిర్యాదుతో ఈ కేసు మొదలైంది. "పలక మీద నిలబడి పైకి వెళ్తున్నా. ఉన్నట్టుండి అందులోంచి జారి కింద పడ్డా." ఏ లెవెల్ అంటే చెప్పాడు. అంతకుముందు ఏం చేశావంటే గుర్తులేదన్నాడు. అదే లెవెల్ తీసి, అదే పలక మీద ఎంతసేపు ఎక్కి దిగినా నాకు ఏమీ కాలేదు. కొన్నాళ్లకి ఇంకొకరికి అదే జరిగింది, వేరే పలక మీద.

హాబీగా గేమ్ రాసేవాళ్లకి ఇలాంటి బగ్ చేసే నష్టం ఇంతా అంతా కాదు. ఆఫీసులో అయితే రోజంతా దాని మీదే కూర్చోవచ్చు. రాత్రి ఒక గంట దొరికేవాడికి, బగ్‌ని మళ్లీ ఒకసారి కళ్లతో చూడడానికే ఆ గంట చాలదు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి. ఇలాంటివి రెండు మూడు పోగైతే ప్రాజెక్టు ఫోల్డర్ తెరవబుద్ధి కాదు. మధ్యలో ఆగిపోయిన హాబీ గేమ్‌లు చాలావరకు ఇక్కడే ఆగి ఉంటాయని నా అనుమానం. ఐడియాలు లేక ఆగినవి తక్కువే.

అందుకని బగ్ వెతకడం పక్కన పెట్టేశాను. ఎవరు ఎలా ఆడినా ఆ ఆటని రికార్డు చేసి, నా దగ్గర అచ్చం అలాగే మళ్లీ నడిపించే ఏర్పాటు ముందు కావాలనుకున్నాను.

మీటలు రాసుకుంటే చాలు

వీడియో తీస్తే బగ్ కనిపిస్తుంది, కారణం కనిపించదు. నాకు కావలసింది డీబగ్గర్ తగిలించి, మధ్యలో ఆపి, ప్రతి వేరియబుల్‌నీ చూడగలిగే రికార్డింగ్. దానికి దారి చాలా పాతది. 1993లో వచ్చిన డూమ్ అనే తుపాకుల గేమ్ డెమో ఫైళ్లు (ఆడిన ఆట రికార్డింగ్‌లు) ఇలాగే పనిచేస్తాయి. ఆ గేమ్ లోపల సెకనుకి 35 టిక్‌లు; టిక్ అంటే ఆట లెక్క వేసే ఒక్కో అడుగు. ఆటగాడు ముందుకి ఎంత కదిలాడు, పక్కకి ఎంత, ఎటు తిరిగాడు, ఏ బటన్ నొక్కాడు అనే సమాచారం టిక్‌కి 4 బైట్ల చొప్పున ఫైల్లో ఉంటుంది, అంతే. రాక్షసులు ఎక్కడున్నారో, తూటా ఎవరికి తగిలిందో అందులో ఎక్కడా ఉండదు. అవే మీటలు అదే వరసలో ఇస్తే మిగతాదంతా దానంతటదే మళ్లీ జరుగుతుంది. ఎమ్యులేటర్లలో (పాత గేమ్ మెషీన్‌లని అనుకరించే ప్రోగ్రామ్‌లు) ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మీటలు పేర్చి స్పీడ్‌రన్‌లు, అంటే వీలైనంత త్వరగా ముగించే ఆటలు, తయారుచేసే పిచ్చివాళ్లు (ప్రేమతోనే అంటున్నాను) దాచుకునే ఫైళ్లూ ఇంతే.

నా గేమ్‌లో వాడే మీటలు ఆరు. ఒక బైటులో సరిపోతాయి. సెకనుకి 60 టిక్‌లు కాబట్టి సెకనుకి 60 బైట్లు, గంట ఆటకి 2,16,000 బైట్లు. మనిషి ఒక మీట నొక్కితే కొన్ని టిక్‌ల పాటు దాన్ని పట్టుకునే ఉంటాడు కాబట్టి, "ఈ బైటు, ఇన్నిసార్లు" అని రాసుకుంటే ఇంకా చాలా తగ్గుతుంది. ఫైలు మొదట్లో నాలుగు సంగతులు పెట్టాను: ర్యాండమ్ సీడ్ (ర్యాండమ్ సంఖ్యల వరస ఎక్కడ మొదలవాలో చెప్పే సంఖ్య), లెవెల్ ఫైలు హ్యాష్ (బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య), ఆ బిల్డ్ (కోడ్ నుంచి కట్టిన ప్రోగ్రామ్) ఏ గిట్ కమిట్ (కోడ్ మార్పుల చరిత్రలో ఒక మెట్టు) నుంచి వచ్చిందో ఆ కమిట్ పేరు, ఫార్మాట్ వెర్షన్. ఆటగాడు ఏమీ నొక్కనక్కర్లేదు. ప్రతి ఆటా రికార్డవుతుంది. ఏదైనా తేడాగా అనిపిస్తే చివరి ఫైలు పంపితే చాలు.

రాసుకునే భాగం ఒక సాయంత్రం పని. అసలు పనంతా "అవే మీటలు ఇస్తే అదే ఆట జరుగుతుంది" అన్న మాటని నిజం చేయడంలో ఉంది.

ఒకే మీటలు, వేరే ఆట

మొదటి రికార్డింగ్‌ని తిరిగి నడిపితే మనిషి కాసేపు బుద్ధిగానే నడిచాడు. తర్వాత ఒక పెట్టె పక్కన ఆగాల్సినవాడు గోడకి మొహం పెట్టి గెంతడం మొదలుపెట్టాడు. ఎక్కడో వెంట్రుకవాసి తేడా పుట్టి, పెరిగి పెద్దదైంది. అది కంటికి కనపడే సరికే ఆలస్యమైపోతుంది, పుట్టిన చోటు తెలియదు.

అందుకని ప్రతి టిక్ చివరా గేమ్ స్థితి మొత్తానికి 32 బిట్ల హ్యాష్ ఒకటి లెక్కగట్టి, మీటల పక్కనే రాయించాను. పద్ధతి ఎఫ్‌ఎన్‌వీ-1ఎ: 2166136261తో మొదలుపెట్టి, ఒక్కో బైటునీ ఎక్సార్ (బిట్లు వేరైన చోట 1, ఒకటైన చోట 0 పెట్టే లెక్క) చేసి, ప్రతిసారీ 16777619తో గుణించడం. నాలుగు లైన్ల కోడ్. భద్రత కోసం వాడే హ్యాష్‌లు ఈ పనికి అనవసరం. తిరిగి నడిపేటప్పుడు హ్యాష్ కలవని మొదటి టిక్ దగ్గర ప్రోగ్రామ్ ఆగుతుంది. ఈ హ్యాష్‌లు మీటలకంటే ఎక్కువ చోటు తింటాయి కాబట్టి నా డీబగ్ బిల్డ్‌లో టిక్‌కి ఒకటి, స్నేహితులకిచ్చే బిల్డ్‌లో సెకనుకి ఒకటి.

ఇందులో ఒక మెలిక ఉంది, కొత్తవాళ్లు దీని దగ్గర చాలాసేపు తంటాలు పడతారు. స్ట్రక్చర్‌ని (ఒక వస్తువు ఫీల్డులన్నీ కలిపి కట్టిన మూట) ఉన్నదున్నట్టు బైట్లుగా తీసుకుని హ్యాష్ చేస్తే దొంగ అలారాలు మోగుతాయి. కంపైలర్ రెండు ఫీల్డుల మధ్య వదిలే ఖాళీ బైట్లలో ఏ చెత్త ఉంటుందో గ్యారంటీ లేదు. పాయింటర్, అంటే మెమరీ చిరునామా దాచే ఫీల్డు ఉంటే దాని విలువ ప్రతి రన్‌కీ మారుతుంది. ఫీల్డులు ఒక్కొక్కటిగా తీసుకుని హ్యాష్‌లో కలిపే ఫంక్షన్ చేత్తో రాయాల్సిందే. విసుగు పనే, కానీ ఒకసారి రాశాక అదే ఫంక్షన్ "గబ్బిలం 3, నిలువు వేగం" అని తేడా వచ్చిన ఫీల్డు పేరుతో సహా చెప్పగలదు. అక్కడి నుంచి దొంగలు ఒక్కొక్కరే బయటికొచ్చారు.

మొదటి దొంగ టైమ్. కిందటి ఫ్రేమ్‌కి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో దాన్ని వేగంతో గుణించి మనిషిని జరపడం అన్ని ట్యుటోరియల్స్‌లోనూ ఉండే పద్ధతి. అందులో ఏ రెండు రన్‌లూ ఒకటి కావు. ఒక ఫ్రేమ్ 16 మిల్లీసెకన్లు, ఇంకోటి 17. దాన్ని తీసేసి ఆట లెక్కంతా కచ్చితంగా సెకనులో 60వ వంతు అడుగులతో నడిచేలా మార్చాను. గడిచిన కాలం ఒక చోట పోగవుతుంది. ఒక అడుగుకి సరిపడా పోగైనప్పుడల్లా ఒక టిక్ నడుస్తుంది. తెర మీద గీయడం దానికి సంబంధం లేకుండా దాని స్పీడులో అది జరుగుతుంది. కంప్యూటర్ కాసేపు నిద్రపోయి లేస్తే వేల టిక్‌లు ఒకేసారి నడపబోయి ఊపిరాడక చస్తుంది కాబట్టి, పోగయ్యే కాలానికి పావు సెకను హద్దు పెట్టాను.

దీనితో పాటు వచ్చే ఒక చిక్కు గురించి ఎక్కువమంది రాయరు. తెర సెకనుకి 144 సార్లు గీస్తుంటే, రెండు టిక్‌ల మధ్య రెండు మూడు ఫ్రేమ్‌లు వస్తాయి. ఎవరైనా గెంతే మీటని ఆ సందులో నొక్కి వదిలేస్తే, టిక్ వచ్చి "ఇప్పుడు మీట కిందికి ఉందా" అని అడిగే సరికి అది పైకి వచ్చేసి ఉంటుంది. నొక్కుడు మాయం. అందుకని మీట నొక్కిన సంగతిని తర్వాతి టిక్ తీసుకునేదాకా పట్టి ఉంచాలి. రికార్డింగ్‌లోకి వెళ్లాల్సింది కూడా టిక్ చూసిన మీటే, ఫ్రేమ్ చూసినది కాదు. గేమ్ "కొన్నిసార్లు గెంతడం లేదు" అని అంతకుముందు వచ్చిన గొణుగుడు కూడా దీనితోనే పోయింది.

రెండో దొంగ ర్యాండమ్. గబ్బిలం ఎటు తిరగాలో తేల్చే ర్యాండమ్ సంఖ్యలూ, మనిషి నేల మీద దిగినప్పుడు లేచే దుమ్ము రేణువుల ర్యాండమ్ సంఖ్యలూ ఒకే బావి నుంచి వస్తున్నాయి. దుమ్ము తెర గీసే కోడ్‌లో ఉంది కాబట్టి ఫ్రేమ్‌లు ఎక్కువైతే బావిలోంచి ఎక్కువ తోడుతుంది, గబ్బిలం వాటా మారిపోతుంది. డూమ్ సోర్స్ కోడ్ 1997లో బయటికి వచ్చింది, అందులో చూస్తే 256 సంఖ్యల పట్టిక ఒక్కటే ఉంటుంది కానీ దాన్ని చదివే వేలు రెండు: ఆట లెక్కకి ఒకటి, మిగతా వాటికి ఇంకోటి. నేనూ రెండు పెట్టాను. పట్టిక బదులు జార్జ్ మార్సాలియా 2003లో ప్రచురించిన ఎక్సార్‌షిఫ్ట్ వాడాను. 13, 17, 5 బిట్లు జరిపే మూడు లైన్లు, 32 బిట్ల స్థితి, సున్నా సీడ్ మాత్రం ఇవ్వకూడదు. స్థితి ఒక్క పూర్ణాంకం కాబట్టి దాన్నీ హ్యాష్‌లో కలిపేయొచ్చు. సి లైబ్రరీతో వచ్చే ర్యాండ్ ఫంక్షన్‌ని ఈ పనికి వాడకూడదు, ఒక్కో లైబ్రరీలో ఒక్కో రకంగా ఉంటుంది.

మూడో దొంగ పాయింటర్లు. ఏ వస్తువు ఏ గడిలో ఉందో చూసుకునే హ్యాష్ టేబుల్‌కి (తాళం చెవి ఇస్తే దాని విలువ వెతికిచ్చే పట్టిక) తాళం చెవిగా మెమరీ చిరునామా వాడాను. ఆపరేటింగ్ సిస్టమ్‌లు భద్రత కోసం ప్రోగ్రామ్‌ని ప్రతిసారీ వేరే చిరునామాలో ఎక్కిస్తాయి. దాంతో టేబుల్‌ని మొదటి నుంచి చివరికి తిరిగినప్పుడు వచ్చే వరస ప్రతి రన్‌కీ మారుతుంది. రెండు పెట్టెలు ఒకదాన్నొకటి తోసుకుంటే ఎవరు ముందు అన్నది ఆ వరసని బట్టి తేలుతోంది. వస్తువులకి వరస నంబర్లిచ్చి వాటినే తాళం చెవిగా పెట్టాక ఈ గొడవ పోయింది.

నాలుగోది ఫ్లోటింగ్ పాయింట్, అంటే దశాంశ సంఖ్యల్ని కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచే పద్ధతి. దీని మీదే ఎక్కువ టైమ్ పోయింది. ఒకే మెషీన్ మీద, ఒకే బిల్డ్‌తో నడిపితే ఫ్లోట్‌లు బుద్ధిగానే ఉంటాయి. గుణించి కూడడాన్ని ఒకే సూచనగా కలిపేసే ప్రాసెసర్ మీద కంపైలర్ ఆ వెసులుబాటు వాడుకుంటే చివరి బిట్టు మారుతుంది. సైన్, కొసైన్ ఒక్కో లైబ్రరీలో చివరి అంకె దగ్గర ఒక్కోలా వస్తాయి. పాత 32 బిట్ల ఇంటెల్ కోడ్‌లో మధ్యలో 80 బిట్లు వాడి చివర్లో కుదించడం ఇంకో రకం. నా స్నేహితులవి నాలుగు రకాల కంప్యూటర్లు. కంపైలర్ ఫ్లాగులతో వీటన్నిటినీ కట్టడి చేయొచ్చంటారు, చేసినవాళ్లూ ఉన్నారు. నాకు ఆ కాపలా పని అక్కర్లేదనిపించి ఫ్లోట్‌లని ఆట లెక్కలోంచి పూర్తిగా తీసేశాను. స్థానం, వేగం అన్నీ పూర్ణాంకాలే, ఒక పిక్సెల్ అంటే 256. గుణించేటప్పుడు 64 బిట్లలో గుణించి వెనక్కి జరపాలి, లేకపోతే పొంగిపోతుంది. తెర మీద గీసే కోడ్‌లో ఫ్లోట్‌లు అలాగే ఉన్నాయి. అక్కడ చివరి బిట్టు ఎటు పోయినా ఎవరికీ నష్టం లేదు.

పూర్ణాంకాలకి మారే ధైర్యం పికో-8 వల్ల వచ్చింది. అది 128×128 తెర, 16 రంగులు, ప్రోగ్రామ్‌కి 8192 టోకెన్ల హద్దు ఉన్న ఊహా కన్సోల్, అంటే సాఫ్ట్‌వేర్‌గా మాత్రమే ఉండే గేమ్ మెషీన్. నేను సరదాగా చిన్న చిన్న ఆటలు అందులో రాస్తుంటాను. దాని సంఖ్యలన్నీ లోపల 16.16 ఫిక్స్‌డ్ పాయింటే: 16 బిట్లు పూర్ణాంకానికి, 16 బిట్లు భిన్నానికి. అన్నాళ్లూ దాంట్లో ఆటలు రాసి ఫ్లోట్ లేదన్న సంగతే పట్టించుకోలేదంటే, పక్క నుంచి చూసే గుహ ఆటకి అవి అవసరం లేదనేగా.

పలక కేసు ఎలా తేలింది

రికార్డర్ ఉన్న బిల్డ్ అందరికీ పంపాక ఎక్కువ రోజులు పట్టలేదు. మొదట ఫిర్యాదు చేసినతనే ఫైలు పంపాడు, "ఇదిగో మళ్లీ పడ్డా" అంటూ. నడిపి చూస్తే నా కళ్ల ముందే పడ్డాడు. మళ్లీ నడిపితే మళ్లీ అక్కడే. ఆ టిక్‌కి ఒక టిక్ ముందు బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన గుర్తు) పెట్టాను.

పలక ఒకవైపు గట్టిది: కింద నుంచి గెంతి పైకి రావచ్చు, పై నుంచి కిందికి పడకూడదు. దాన్ని తేల్చే నియమం మామూలుదే. కిందటి టిక్‌లో మనిషి పాదాలు పలక పై అంచుకి పైనగానీ సమానంగాగానీ ఉండి, ఇప్పుడు కిందికి వచ్చి ఉంటే, మనిషిని పలక మీద నిలబెట్టాలి. పలకలు ముందు కదిలి, తమ మీద ఉన్నవాళ్లని మోసుకెళ్లి, ఆ తర్వాత మనిషి కదిలితే అంతా సవ్యం. నా గేమ్‌లో పలకలు వస్తువుల వరసలో మనిషికంటే ముందే ఉండేవి, అందుకే ఎప్పుడూ సవ్యంగానే నడిచింది.

ఈ ఫైల్లో మాత్రం మనిషి రెండు గుహల మధ్య ఉన్న ద్వారంలోంచి వెళ్లే ముందు ఒక గబ్బిలాన్ని కొట్టాడు. కొత్త గుహలోకి అడుగు పెడితే పాత గుహ వస్తువుల స్థానాలు ఖాళీ అవుతాయి, కొత్త వస్తువులు ఆ ఖాళీల్లోకి ఎక్కుతాయి. ఏ ఖాళీ ముందు నిండుతుందన్నది అవి ఏ వరసలో ఖాళీ అయ్యాయో దాన్ని బట్టి. గబ్బిలం ముందే చచ్చింది కాబట్టి దాని స్థానం జాబితాలో వేరే చోటికి పోయి, కొత్త గుహలోని పలక ఒకటి మనిషి తర్వాత స్థానంలో వచ్చి కూర్చుంది. ఇప్పుడు మనిషి ముందు కదులుతున్నాడు, తర్వాత పలక ఒక పిక్సెల్ పైకి లేచి అతని పాదాల్లోకి దూరుతోంది. తర్వాతి టిక్‌లో "కిందటిసారి పాదాలు పై అంచుకి పైన ఉన్నాయా" అని అడిగితే జవాబు లేదు. నిలబెట్టే నియమం వర్తించదు. మనిషి జారిపోయాడు.

గబ్బిలాన్ని కొట్టకుండా వెళ్తే ఈ బగ్ ఎప్పటికీ రాదు. ఆ లెవెల్‌ని నేరుగా తెరిచినా రాదు, నేను చేసింది అదే. "అంతకుముందు ఏం చేశావు" అని ఆటగాణ్ని అడిగితే గబ్బిలం సంగతి ఎవరు చెప్తారు?

సవరణ చిన్నది: వరస ఏదైనా సరే, మోసే వస్తువులన్నీ ముందు ఒక దశలో, మోయబడేవి తర్వాతి దశలో కదలాలి.

తర్వాత అది చేసిన పనులు

ఒక బగ్ కోసం కట్టిన వస్తువు క్రమంగా ప్రాజెక్టు మొత్తానికి వెన్నెముక అయి కూర్చుంది. తెరా శబ్దం లేకుండా ఆట లెక్కని మాత్రం నడిపే ఒక కమాండ్ రాశాను. అందులో గంట ఆట కొన్ని సెకన్లలో అయిపోతుంది. మంచి రికార్డింగ్‌లు ఒక ఫోల్డర్‌లో పెట్టి, కోడ్ మార్చినప్పుడల్లా అన్నీ నడిపి హ్యాష్‌లు కలిశాయో లేదో చూస్తాను. కోడ్‌ని శుభ్రం చేసే పనులకి, అంటే ఫంక్షన్లు విడగొట్టడం, పేర్లు మార్చడం లాంటి వాటికి ఇంతకంటే గట్టి కాపలా నేను చూడలేదు. ఒక్క బిట్టు కదిలినా చెప్పేస్తుంది. రాత్రి పదకొండుకి నిద్రమత్తులో కోడ్ మార్చేవాడికి ఇది టెన్షన్ తగ్గించే మందు.

గిట్ బైసెక్ట్‌తో దీన్ని కలిపితే ఇంకా బాగుంటుంది. బాగున్న పాత కమిట్ ఒకటి, పాడైన కొత్త కమిట్ ఒకటి చెప్తే, గిట్ మధ్యలోది తీసి ఇస్తుంది. సగం సగం చేసుకుంటూ పోతే వెయ్యి కమిట్లలో దోషిని పది అడుగుల్లో పట్టుకోవచ్చు. బైసెక్ట్ రన్ అనే రూపంలో ఒక స్క్రిప్ట్ ఇస్తే మనిషి అవసరమే లేదు: స్క్రిప్ట్ సున్నా తిప్పి ఇస్తే మంచి కమిట్, 125 ఇస్తే దీన్ని వదిలెయ్, 1 నుంచి 127 వరకు మిగతావి ఏవిచ్చినా చెడ్డది. కంపైల్ కాని కమిట్లకి 125 తిప్పేలా చేసి, కాఫీ కలుపుకుని వచ్చేసరికి జవాబు రెడీగా ఉంటుంది. రికార్డింగ్‌లో కమిట్ పేరు పెట్టిన లాభం ఇక్కడే. ఫైలు ఏ బిల్డ్‌తో పుట్టిందో వెతుక్కోనక్కర్లేదు, స్క్రిప్టే ఆ కమిట్‌ని తీసి, కట్టి, నడుపుతుంది.

రాత్రిపూట కంప్యూటర్ ఖాళీగా ఉంటే ఒక బాట్ ఆడుతుంది. తెలివి ఏమీ లేదు దానికి. ఏదో ఒక మీట కొద్దిసేపు పట్టుకుంటుంది, వదులుతుంది. మనిషి గోడలోకి దూరినా, వేగం హద్దు దాటినా అసర్ట్ (జరగకూడనిది జరిగితే ప్రోగ్రామ్‌ని ఆపే తనిఖీ) పేలుతుంది, రికార్డింగ్ మిగులుతుంది. పొద్దున్న చూసుకుంటే ఒకటో రెండో ఫైళ్లు ఉంటాయి. ఇది దొరకబట్టిన వాటిలో ఏ మనిషీ చేయని చేష్టలే ఎక్కువ, పెట్టె కింద తల పెట్టి ఒకేసారి రెండు వైపులా నడవడం లాంటివి. వాటిలో చాలావరకు నేను బాగుచేయను.

అన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చినది మాత్రం ఈ వస్తువు చేస్తుందని నేను అనుకోనిది. పని ఆపేముందు, ఆ రోజు దేని మీద పనిచేస్తున్నానో ఆ చోటుకి చేర్చే రికార్డింగ్‌ని ఒక ఫైలుగా వదిలి, పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో రెండు లైన్లు రాస్తాను: ఏం చూడాలి, ఏ ఫంక్షన్ అనుమానం. మళ్లీ కూర్చున్నప్పుడు ఒక షెల్ స్క్రిప్ట్ ఆ రెండు లైన్లు చూపించి, గేమ్‌ని కట్టి, రికార్డింగ్‌ని వేగంగా తిప్పి, ఆ చోట ఆపి, మీటలు నా చేతికిస్తుంది. ఆట లెక్కంతా ఒక షేర్డ్ లైబ్రరీలో ఉంటుంది, స్థితి అంతా ఒకే మెమరీ ముక్కలో ఉంటుంది. కోడ్ మార్చి కంపైల్ చేస్తే గేమ్ ఆగకుండానే కొత్త లైబ్రరీని ఎక్కించుకుని అక్కడి నుంచే సాగుతుంది. గెంతు ఎత్తు సరిచేయాలంటే ఆ గెంతునే గుండ్రంగా తిప్పుతూ సంఖ్యలు మారుస్తాను.

టూల్స్ గురించి అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే. టు-డూ యాప్‌లు చాలా మార్చాను, 25 నిమిషాల పొమొడోరో టైమర్ పెట్టుకున్నాను. ఏవీ నిలవలేదు. వారం గ్యాప్ తర్వాత కూర్చున్నప్పుడు "నేను ఎక్కడ ఉన్నాను" అన్న ప్రశ్నకే సగం టైమ్ పోతుంటే, చేయాల్సిన పనుల జాబితా ఎంత అందంగా ఉండి ఏం లాభం? టైమర్ కూడా ఒకసారి పనిలో పడ్డవాడికే. పనిలో పడేదాకా పట్టే కాలాన్ని తగ్గించింది ఆ షెల్ స్క్రిప్ట్ ఒక్కటే. మెకానికల్ కీబోర్డు స్విచ్‌లు మార్చడం, ఎడిటర్ రంగులు సరిచేయడం కూడా ప్రొడక్టివిటీ కిందే లెక్కేసుకునేవాళ్లు ఉన్నారు. నేనూ చేస్తాను. సరదా అని ఒప్పుకుని చేస్తే పేచీ లేదు.

కొన్ని సరదాలు మాత్రం నిజంగానే కూలి ఇచ్చాయి. పికో-8 సంగతి చెప్పాను. ఇంకోటి కాన్వే లైఫ్. 1970లో మార్టిన్ గార్డ్‌నర్ తన పత్రికా శీర్షికలో పరిచయం చేసినప్పటి నుంచి ప్రోగ్రామర్లని పట్టి పీడిస్తున్న గడుల ఆట: పక్క గడులని బట్టి తరం తరానికీ గడులు పుడతాయి, చస్తాయి. రికార్డర్, హ్యాష్ కోడ్ సరిగ్గా ఉన్నాయో లేదో నా గేమ్ మీదే పరీక్షిస్తే తప్పు ఎటువైపుదో తెలియదు. అందుకని అదే రికార్డర్‌ని ముందు లైఫ్‌కి తగిలించాను. ఆర్-పెంటోమినో అనే ఐదు గడుల బొమ్మ 1103 తరాలు గందరగోళంగా పెరిగి, సరిగ్గా 116 బతికున్న గడుల దగ్గర కుదురుకుంటుందని అందరికీ తెలుసు. నా ప్రోగ్రామ్ అదే జవాబు చెప్పి, రెండోసారి నడిపితే అన్ని తరాల హ్యాష్‌లూ కలిస్తే, యంత్రం మీద నమ్మకం పెట్టొచ్చు. బోర్డు పెద్దది కావాలి. దానిలోంచి గ్లైడర్‌లు (తమంతట తామే కదిలే చిన్న బొమ్మలు) పారిపోతాయి, నాలుగు తరాలకి ఒక గడి చొప్పున మూలగా. అంచు దాటినవి అటు నుంచి తిరిగొచ్చే చిన్న బోర్డులో అవి వచ్చి గుద్దుకుని లెక్క పాడుచేస్తాయి.

గేమ్ జామ్‌లని (తక్కువ టైమ్‌లో గేమ్ రాసే పోటీలు) ఈ లెక్కలో ఎటు వేయాలో నాకింకా తేలలేదు. 13 కిలోబైట్లలో గేమ్ మొత్తం ఇమిడ్చే జేఎస్13కే, 48 గంటల్లో ఒక్కడే అన్నీ చేయాల్సిన లుడమ్ డేర్ లాంటి వాటిలో పాల్గొన్నప్పుడు ఒళ్లు హూనమవుతుంది. వాటి కోడ్ ఒక్క లైనూ తర్వాత పనికిరాదు. ఏ ఐడియా పట్టుకుని ఏడాది కూర్చోవచ్చో, దేన్ని వారాంతంలో వదిలేయాలో అక్కడ త్వరగా తెలుస్తుంది, అదొక్కటే.

ఎక్కడ పనిచేయదు

గెంతు ఎత్తు ఒక్క యూనిట్ మార్చినా పాత రికార్డింగ్‌లన్నీ చెత్తబుట్టకే. అది సహజం: ఆటే మారింది. అందుకని రికార్డింగ్‌లని రెండు రకాలుగా విడగొట్టాను. బగ్ పట్టుకున్నవి ఆ కమిట్‌కి కట్టుబడి ఉంటాయి, బాగయ్యాక తీసేస్తాను. లెవెల్ పూర్తిచేసే ఆటలు మాత్రం సంఖ్యలు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఆడి రికార్డు చేయాలి. విసుగే. అందుకని సంఖ్యల సవరణలన్నీ పోగుచేసి ఒకేసారి చేస్తున్నాను. గేమ్ ఇంకా రోజుకో రకంగా మారే దశలో ఉంటే ఈ ఏర్పాటంతా మొదలుపెట్టొద్దనే అంటాను. స్థిరమైన అడుగు, రెండు ర్యాండమ్‌లు, వరస నంబర్లు మాత్రం మొదటి రోజే పెట్టుకోండి. తర్వాత పెట్టడం నరకం. హ్యాష్, రికార్డర్ ఎప్పుడైనా తగిలించొచ్చు.

రెడీమేడ్ ఇంజన్‌లో రాసేవాళ్లకి ఇది ఇంత తేలిక కాదు. ఇంజన్‌తో వచ్చే ఫిజిక్స్ ఫ్లోట్‌ల మీద నడుస్తుంది, దాని లోపలి వరసలు మన చేతిలో ఉండవు. ఒకే మెషీన్, ఒకే బిల్డ్ వరకు చాలాసార్లు పనిచేస్తుంది, దాని మీద ఆశ పెట్టుకోవచ్చు. వేరే కంప్యూటర్ నుంచి వచ్చిన ఫైలు నడవాలంటే మాత్రం ఆట లెక్క సొంతంగా రాసుకోవాలి. నెట్‌వర్క్ నుంచి వచ్చే సమాచారం, తేదీ, ఫైళ్లు ఎక్కడానికి పట్టే టైమ్ లాంటివేవైనా ఆట లెక్కలోకి వస్తే వాటినీ మీటల్లాగే రికార్డు చేయాలి. నా గేమ్‌లో సేవ్ ఫైలు ఒక్కటే అలాంటిది, అందుకని దాన్ని రికార్డింగ్ మొదట్లోనే అతికించేశాను.

ఇప్పుడు ఇద్దరు ఆడే మోడ్ మొదలుపెట్టాను. 1997లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వందల సైనికుల్ని మోడెమ్ మీద నడిపింది ఆజ్ఞలు మాత్రమే పంపి, లెక్క రెండు వైపులా ఒకేలా చేసుకుని. నా దగ్గర ఒకేలా లెక్క చేసే భాగం రెడీగా ఉంది. హ్యాష్‌లు మార్చుకుంటే ఇద్దరి ఆటలూ ఎక్కడ విడిపోయాయో కూడా తెలుస్తుంది. అవతలివాళ్ల మీట వచ్చేదాకా ఆగితే గెంతు బద్ధకంగా అనిపిస్తుంది. కాబట్టి మీట ఊహించి ముందుకెళ్లి, తప్పైతే వెనక్కి వచ్చి మళ్లీ నడిపే రోల్‌బ్యాక్ పద్ధతి పట్టుకున్నాను. స్థితి అంతా ఒకే మెమరీ ముక్కలో ఉంది కాబట్టి దాన్ని కాపీ చేయడం ఒక్క లైను. ఎనిమిది టిక్‌లు వెనక్కి వెళ్లి 16 మిల్లీసెకన్ల లోపల మళ్లీ ముందుకి రావాలి. ఆ లెక్క సరిపోతోంది. శబ్దాలు మాత్రం రెండుసార్లు మోగుతున్నాయి. ఈ వారం పని అదే.